ఏ బియ్యం వెనిగర్ ఏ వంటకు: జపాన్ ఇంటి వంట కోసం సీసా ఎంచుకునే తీరు

జపాన్‌లో ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా సోయా సాస్ సీసాలకు దగ్గరలోనే వెనిగర్ల అర ఒకటి ఉంటుంది. ఆ అరలో ఒకే ఎత్తున నిలబెట్టిన సీసాల్లో కొన్ని బాగా చవక, కొన్ని వాటికి ఎన్నో రెట్లు ఖరీదు. కొన్ని లేత పసుపు రంగులో పలచగా ఉంటాయి, కొన్ని తేనె రంగులో ఉంటాయి, ఒకటి రెండు కషాయంలా నల్లగా ఉంటాయి. టోక్యోలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువారికి ఆ అర ముందు కలిగే తికమకే, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ‘రైస్ వెనిగర్’ అన్న పేరు చూసి సీసా తెప్పించుకునేవారికి మరో రూపంలో ఎదురవుతుంది. ఆ పేరు ఒక్కటే చూస్తే అది జపాన్‌దో, చైనాదో, కొరియాదో తెలియదు. చక్కెర, ఉప్పు ముందే కలిపినదో, కలపనిదో కూడా వెంటనే తెలియదు.

నా నిర్ణయం ముందే చెబుతాను. ఇంట్లో ఒక్క సీసాకే చోటున్నవారు చక్కెర, ఉప్పు కలపని మామూలు జపాన్ బియ్యం వెనిగర్‌ను, అంటే ‘కోమెజు’ను కొనుక్కోవాలి. రెండు సీసాలు పెట్టుకోగలిగినవారు పచ్చిగా వాడే వంటలకు మంచి కోమెజును, పొయ్యి మీద మరిగే వంటలకూ కూరగాయలు నానబెట్టడానికీ చవకైన ధాన్యం వెనిగర్‌ను ఉంచుకోవాలి. మిగిలినవన్నీ ఆ తరువాతి మాట. ఇలా ఎందుకంటున్నానో అర్థం కావాలంటే, ఆ సీసాలోకి పులుపు ఎక్కడినుంచి వచ్చిందో కొంత తెలుసుకోవాలి.

పులుపు వెనుక ఉన్నది

బియ్యం నేరుగా పుల్లబడి వెనిగర్ కాదు. ఉడికించిన బియ్యంపై ‘కోజి’ అనే బూజును పెంచుతారు. అది బియ్యంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా విరుస్తుంది. ఆ చక్కెరను ఈస్ట్ సారాయిగా మారుస్తుంది, అంటే ఈ దశలో చేతిలో ఉండేది ఒక రకం సాకే, జపాన్‌వారి బియ్యపు సారాయే. ఆ తరువాత ఎసిటిక్ బ్యాక్టీరియా గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని ఆ సారాయిని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ మూడు దశల్లోనూ బియ్యంలోని మాంసకృత్తులు విరిగి అమైనో ఆమ్లాలవుతాయి, కొంత చక్కెర మిగులుతుంది, ఇతర ఆమ్లాలు కూడా కొద్దిగా చేరుతాయి. నాలుకకు తగిలే పులుపు ఎసిటిక్ ఆమ్లానిదే అయినా, ఆ పులుపుకు మెత్తని అంచు ఇచ్చేవి ఈ మిగిలిన పదార్థాలే.

ఇక్కడ మనకు తరవాణి గుర్తుకు రావడం సహజం. కోస్తా జిల్లాల్లో గంజినీ అన్నాన్నీ కుండలో పులియబెట్టి పొద్దున్నే తినే అలవాటు ఉన్న ఇళ్లలో, బియ్యం నుంచి పుట్టిన పులుపు కొత్త సంగతి కాదు. అయితే తరవాణి పులుపు ప్రధానంగా లాక్టిక్ ఆమ్లానిది, పెరుగు పులుపుకు చుట్టం. వెనిగర్ పులుపు సారాయి దశ దాటి వచ్చినది, ఆవిరిలా పైకి లేచి ముక్కుకు తగిలేది. అందుకే తరవాణితో సుషి అనే జపాన్ వంటకానికి కావలసిన పుల్లని అన్నం కలపలేము, కోమెజుతో తరవాణి రుచి తేలేము.

బ్యాక్టీరియా పని చేసే తీరులో కూడా రెండు పద్ధతులున్నాయి. పాత పద్ధతిలో తొట్టెలోని ద్రవాన్ని కదపకుండా వదిలేస్తారు. బ్యాక్టీరియా పైన పలచని పొరలా పరుచుకుని, పైనుంచి నెమ్మదిగా నెలల తరబడి పని చేస్తుంది, ఆ పైన మరి కొన్ని నెలలు నిలవ చేస్తారు. కొత్త పద్ధతిలో పెద్ద ట్యాంకుల్లోకి గాలిని బుడగలుగా పంపి కొన్ని రోజుల్లోనే పని పూర్తి చేస్తారు. రెండో పద్ధతిలో చేసినది చెడ్డదని అనను; ధరలో తేడాకు పెద్ద కారణం మాత్రం ఇదే. కదపకుండా పులియబెట్టామని చేసినవారు సాధారణంగా సీసా మీద గర్వంగా రాసుకుంటారు కనుక, రాయనిది ట్యాంకులో చేసినదని అనుకోవచ్చు.

లీటరుకు ఎంత బియ్యం

జపాన్ ప్రమాణాల ప్రకారం లీటరు వెనిగర్‌కు కనీసం 40 గ్రాముల బియ్యం వాడితే దాన్ని ‘కోమెజు’ అని అమ్మవచ్చు. గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాలు కలిపి లీటరుకు కనీసం 40 గ్రాములు వాడినది ‘కోకుమోత్సు-సు’, అంటే ధాన్యం వెనిగర్. ముడి బియ్యాన్ని గానీ తవుడు పూర్తిగా తీయని బియ్యాన్ని గానీ లీటరుకు 180 గ్రాములకు తగ్గకుండా వాడి, పులియడం వల్లనే ముదురు రంగు వచ్చినది ‘కురోజు’, అంటే నల్ల వెనిగర్.

ఈ 40 గ్రాముల సంగతి కొనేవారు ఒక్కసారి లెక్క వేసి చూసుకోవలసినది. 40 గ్రాముల బియ్యంలో సుమారు 30 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అది పూర్తిగా చక్కెరగా, సారాయిగా, ఆమ్లంగా మారినా, ఒక చుక్క కూడా నష్టం కాకపోయినా, లీటరుకు 22 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం వస్తుంది. సీసా మీద మాత్రం ఆమ్లం 4.5 శాతం, అంటే లీటరుకు 45 గ్రాములని ఉంటుంది. మిగిలిన సగానికి పైగా పులుపు బియ్యం నుంచి రాలేదన్న మాట. విడిగా చేర్చిన ఆల్కహాల్ నుంచి వచ్చింది. పదార్థాల పట్టికలో బియ్యం తరువాత ‘ఆల్కహాల్’ అన్న మాట కనబడటానికి కారణం ఇదే. ఇందులో మోసమేమీ లేదు, ప్రమాణం దాన్ని అనుమతిస్తుంది. కానీ బియ్యం ఒక్కటే వాడి చేసిన ‘జున్మాయ్-సు’ ఎందుకు ఖరీదో, రుచిలో ఎందుకు నిండుగా ఉంటుందో ఈ లెక్క చెబుతుంది. క్యోటో రాష్ట్రంలోని మియాజు అనే సముద్రతీరపు ఊరిలో 1893లో మొదలైన ఈయో జోజో అనే సంస్థ తన ‘ఫుజి-సు’ అనే వెనిగర్‌కు లీటరుకు 200 గ్రాముల బియ్యం వాడుతుంది; ప్రమాణం అడిగినదానికి ఇది ఐదింతలు.

ఒకసారి మూడు చిన్న పింగాణీ గిన్నెల్లో ధాన్యం వెనిగర్, మామూలు కోమెజు, జున్మాయ్-సు తలా ఒక చెంచా పోసి వరసగా వాసన చూశాను. మొదటిది ముక్కుపుటాలను చురుక్కుమనిపించి వెంటనే వెళ్లిపోయింది. రెండోదానిలో ఆ చురుకు తక్కువ, చివర కొంచెం తీపి వాసన ఉంది. మూడోది మొదట వెనిగర్ అనిపించనే లేదు. వార్చిన గంజి మీద లేచే ఆవిరి వాసన ముందు వచ్చి, పులుపు వెనక వచ్చింది. కొనేముందు ఇలా పోల్చి చూసే వీలు మనకు ఉండదు కానీ, ఇంట్లో రెండు రకాలున్నప్పుడు ఒకసారి ఈ పని చేసి చూస్తే, ఏది ఏ వంటలో వృథా అవుతుందో ముక్కే చెబుతుంది.

ముందే కలిపిన వెనిగర్ జోలికి వెళ్లాలా

విదేశాల్లోనూ మన దేశంలోనూ ఎక్కువమందికి చేతికందేది ‘సీజన్డ్ రైస్ వెనిగర్’ లేదా ‘సుషి వెనిగర్’. జపాన్‌లో దీన్ని ‘సుషి-సు’ అంటారు. ఇది వెనిగర్‌లో చక్కెర, ఉప్పు, కొన్నిసార్లు కొంబు అనే సముద్రపు నాచు సారం కలిపినది. వేడి అన్నంలో కొలిచి పోస్తే సుషి అన్నం సిద్ధమవుతుంది. నేను మొట్టమొదట తెప్పించుకున్న సీసా ఇదే. ఆ సంగతి తెలియక పుస్తకంలో రాసిన చక్కెర, ఉప్పు మళ్లీ కలిపాను. అన్నం పాయసానికీ ఉప్పుడు పిండికీ మధ్య ఎక్కడో ఆగిపోయింది, కిలో ధర చూసి కొన్న జపాన్ బియ్యం వృథా అయింది. తప్పు సీసాది కాదు, వెనుక ఉన్న పట్టిక చదవకపోవడం వల్ల జరిగింది. పదార్థాల్లో మొదటి మూడింటిలో చక్కెర ఉంటే అది కలిపిన వెనిగర్, అంతే.

సౌకర్యం ఉన్నా, మొదటి సీసాగా దీన్ని నేను సూచించను. అందుకు కారణం జపాన్ ఇంటి వంటలో వెనిగర్ ఒక్క తీపి పాళ్లలో ఎప్పుడూ ఉండకపోవడం. వెనిగర్, సోయా సాస్ రెండే కలిపితే అది ‘నిహాయిజు’. పీతలకూ చేపలకూ నప్పుతుంది, తీపి ఉండదు. దానికి చక్కెర గానీ మిరిన్ అనే తియ్యని వంట సారాయి గానీ చేర్చితే ‘సన్బాయిజు’. దోసకాయ, సముద్రపు నాచు వంటివాటికి ఇది వాడతారు. సోయా సాస్ లేకుండా వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపితే ‘అమాజు’. అల్లం, ముల్లంగి, తామర దుంప ఊరవేయడానికి ఇది కావాలి. ఎండబెట్టిన బోనిటో చేప తురుముతో తీసిన సారం చేర్చితే ‘తోసాజు’. కలపని సీసా ఒకటి ఉంటే ఈ నాలుగూ ఇంట్లో ఐదు నిమిషాల్లో కలుపుకోవచ్చు. కలిపిన సీసా ఉంటే చేతిలో ఉన్నది ఒక్క అమాజు మాత్రమే, దానిలోని చక్కెరను తీసేయడం ఎవరి తరమూ కాదు. చక్కెర తగ్గించుకోవలసినవారికి ఈ మాట మరీ ముఖ్యం. అయితే నెలకొకసారి ఇంట్లో చుట్టే సుషి తప్ప ఇంకేదీ చేయని కుటుంబానికి, పిల్లలు ప్రతిసారీ ఒకే రుచి కోరే ఇంటికి, సుషి-సు సీసా నిజంగా మేలు. దానిపై రాసిన కొలతను మాత్రమే నమ్మి, ఇంకేమీ చేర్చకూడదు.

శాకాహారులు ఇంకొకటి చూసుకోవాలి. మామూలు కోమెజులో, ధాన్యం వెనిగర్‌లో జంతు సంబంధమైనది ఏదీ ఉండదు. కలిపిన వెనిగర్లలో కొన్నింటిలో ‘కత్సువో’ అనే బోనిటో చేప సారం ఉండవచ్చు. గోధుమ పడనివారు ధాన్యం వెనిగర్‌కు బదులు బియ్యం ఒక్కటే ఉన్న సీసాను వెతుక్కోవాలి. జపాన్ అక్షరాలు రానివారికి ఒక గుర్తు చెబుతాను: ‘బియ్యం’ అన్న అక్షరం, కూడిక గుర్తుకు నాలుగు మూలల్లో నాలుగు చిన్న గీతలు చేర్చినట్టు ఉంటుంది. సీసా ముందు పెద్ద అక్షరాల్లో అది మొదట కనబడితే చేతిలో ఉన్నది కోమెజు అయ్యే అవకాశం ఎక్కువ.

సుషి అన్నం: మంచి సీసా విలువ తెలిసే చోటు

ఎక్కువ ధర పెట్టిన వెనిగర్ తన విలువ చూపించేది వేడి తగలని చోట, లేదా వేడి క్షణకాలమే తగిలే చోట. అందులో మొదటిది సుషి అన్నం. జపాన్‌లో బియ్యాన్ని ‘గో’ అనే కొలతతో కొలుస్తారు; ఒక గో అంటే 180 మి.లీ., సుమారు 150 గ్రాములు. అక్కడి పెద్ద చెంచా 15 మి.లీ., చిన్న చెంచా 5 మి.లీ. అమెరికా పుస్తకాల్లోని 240 మి.లీ. కప్పుతో వీటిని కలిపేస్తే పాళ్లు పూర్తిగా తప్పుతాయి. రెండు గో బియ్యానికి, అంటే 300 గ్రాములకు, నేను వాడే పాళ్లు ఇవి: కోమెజు నాలుగు పెద్ద చెంచాలు, చక్కెర రెండు పెద్ద చెంచాలు, ఉప్పు ఒక చిన్న చెంచా. ఒసాకా వైపు తీపి కొంత ఎక్కువ ఉంటుంది, టోక్యో వైపు తగ్గుతుంది. చక్కెరను అర చెంచా అటూ ఇటూ మార్చుకోవచ్చు. చక్కెర కరిగేంతవరకే వెచ్చబెట్టాలి, మరగనిస్తే కొన్న సువాసన ఆవిరితో పోతుంది.

పులిహోర కలిపే చెయ్యికి ఈ పని సగం తెలిసినదే, సగం తలకిందులు. మనం అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, నూనె, పసుపు పట్టించి, మెతుకు మెతుకుకూ విడదీసి, చల్లారాక పులుసు కలుపుతాం. పులుపు మెతుకు పైన పూతలా నిలుస్తుంది. సుషి అన్నానికి మెతుకు అంటుకునే పొట్టి గింజ బియ్యమే కావాలి, సోనా మసూరి పనికిరాదు. వెనిగర్‌ను అన్నం పొగలు కక్కుతుండగానే పోయాలి, ఎందుకంటే వేడి మెతుకే దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. చెక్క తొట్టెను తడిపి, అన్నాన్ని అందులోకి కుమ్మరించి, అట్లకాడ మీదుగా వెనిగర్‌ను అంతటా పడేలా పోసి, అట్లకాడ అంచుతో కోస్తున్నట్టు తిప్పాలి. మెదిపితే ముద్ద అవుతుంది. మొదటి నిమిషంలో అన్నం తడిసి అడుగున పులుపు నిలిచినట్టు కనబడి భయం వేస్తుంది. ఆగాలి. తడి లోపలికి ఇంకిపోతున్న కొద్దీ మెతుకు మీద సన్నని మెరుపు వస్తుంది. విసనకర్ర అప్పుడే పట్టుకోవాలి. ముందే విసిరితే పైన చల్లారి, పులుపు లోపలికి పోదు. ఒంటి వేడికి దిగాక తడిబట్ట కప్పి ఉంచాలి. ఫ్రిజ్‌లో పెడితే మెతుకు గట్టిపడిపోతుంది.

ఈ అన్నంలో వెనిగర్ మరగదు, నూనె చాటున దాగదు, మసాలా తోడు ఉండదు. చవక ధాన్యం వెనిగర్ వాడితే మొదటి ముద్దలోనే ఆ గరుకుదనం తెలుస్తుంది. పాత టోక్యో సుషి దుకాణాల్లో కొందరు ఇప్పటికీ వాడే ఎర్ర వెనిగర్, ‘అకాజు’, ఇంకో దారిది. 1804లో ఐచి ప్రాంతంలోని హందా అనే ఊరిలో నకానో మతాజాయెమోన్ అనే సాకే తయారీదారు, సాకే వడగట్టగా మిగిలిన పిప్పి నుంచి వెనిగర్ చేయడం మొదలుపెట్టాడు. అదే నేటి మిజ్కాన్ సంస్థకు మొదలు. పిప్పిని ఏళ్ల తరబడి నిలవ పెట్టడం వల్ల దానికి ఎరుపు గోధుమ రంగు, నిండైన రుచి వస్తాయి, అన్నానికి కూడా ఆ రంగు దిగుతుంది. కొవ్వున్న చేపకు అది బాగా నప్పుతుంది. ఇంట్లో దోసకాయ, గుడ్డు, కూరగాయలతో చుట్టే సుషికి అకాజు అక్కరలేదని నా అభిప్రాయం. దాని బరువు ఆ తేలిక పదార్థాల మీద పడుతుంది.

దోసకాయ సునోమోనో, ఊరవేసిన అల్లం

రోజువారీ వంటలో కోమెజు ఎక్కువగా ఖర్చయ్యేది సుషికి కాదు, సునోమోనో అనే పుల్లని పక్క వంటకాలకు. దోసకాయను పలచని చక్రాలుగా తరిగి, పావు చెంచా ఉప్పు చల్లి, ఐదు పది నిమిషాలుంచి, గుప్పిట్లో పిండి నీరు తీసేస్తారు. మన కీర దోసకాయలో గింజల భాగం నీరు ఎక్కువ కాబట్టి దాన్ని ముందే చెంచాతో గీకి తీసేయడం మంచిది. పిండిన ముక్కలకు రెండు పెద్ద చెంచాల కోమెజు, ఒక పెద్ద చెంచా చక్కెర, ఒక చిన్న చెంచా సోయా సాస్ కలిపితే ఇంటి సన్బాయిజు అయింది. తినే ముందే కలపాలి. ముందే కలిపి ఉంచితే ఆమ్లం వల్ల ఆకుపచ్చ రంగు వెలిసి పాచి రంగుకు దిగుతుంది, కొత్తగా ఊరిన నీటితో రుచి పలచబడుతుంది.

రెండు సీసాలు ఎందుకు పెట్టుకోవాలో నాకు బోధపడింది ఈ వంటలోనే. శ్రద్ధగా వండేవారు పిండిన ముక్కల మీద ముందు కొద్దిగా వెనిగర్ చల్లి, కలిపి, మళ్లీ పిండి పారబోస్తారు; దీన్ని ‘సు-అరాయి’, అంటే వెనిగర్‌తో కడగడం అంటారు. మిగిలిన నీరు దానితో బయటికి వచ్చేస్తుంది కాబట్టి, తరువాత పోసే అసలు పులుపు పలచబడదు. పారబోసే ఆ చెంచాకు ధాన్యం వెనిగర్ చాలు, గిన్నెలో మిగిలే పులుపుకు కోమెజు కావాలి.

లేత అల్లం దొరికే రోజుల్లో ‘గారి’ చేసుకోవచ్చు. కాగితమంత పలచగా తరిగిన అల్లాన్ని ఒక నిమిషం మరిగే నీటిలో ముంచి తీసి, వడకట్టి, వేడిగా ఉండగానే అమాజులో వేస్తారు, 100 మి.లీ. కోమెజుకు మూడు నాలుగు పెద్ద చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు సరిపోతాయి. లేత కొమ్ముల మొదట్లో ఉన్న గులాబీ రంగు ఆమ్లం తగలగానే ద్రవమంతా పాకుతుంది. ముదురు అల్లంతో ఈ రంగు రాదు, రంగు రాలేదని వెనిగర్‌ను తప్పుపట్టకూడదు. కొత్త సంవత్సరానికి ముల్లంగి, క్యారట్ తురుముతో చేసే ‘నమాసు’కు కూడా ఇదే అమాజు.

వేడి తగిలే చోట

సోయా సాస్‌తో కోడి రెక్కలను వెనిగర్‌లో ఉడికించే కూరలోనూ, వేయించిన చిన్న చేపలను ఉల్లిపాయ, ఎండుమిర్చితో పుల్లని రసంలో నానబెట్టే ‘నన్‌బన్‌జుకె’లోనూ ధాన్యం వెనిగర్ సరిపోతుంది. మరుగుతున్నప్పుడు దాని ఘాటు ఆవిరితో కొంత పోతుంది, మిగిలిన రుచిని సోయా సాస్, చక్కెర మోస్తాయి. ఖరీదైన జున్మాయ్-సును ఇలాంటి కూరలో మరిగించడం, మంచి నెయ్యితో పూరీలు వేయించడం లాంటిది. తామర దుంప నల్లబడకుండా నీటిలో కలిపే వెనిగర్ కూడా ధాన్యం వెనిగరే.

జపాన్ ఇళ్లలో ‘స, షి, సు, సె, సొ’ అని పిల్లలకు నేర్పే వరస ఒకటి ఉంది: చక్కెర, ఉప్పు, వెనిగర్, సోయా సాస్, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద. కూరలో ఈ క్రమంలో వేయాలని దాని అర్థం. వెనిగర్ మూడోది కావడంలో తెలివి ఉంది. మరీ ముందు వేస్తే ఘాటుతో పాటు వాసనా పోతుంది, మరీ చివర వేస్తే ముక్కలోకి దిగదు. పులుపు పైకి తెలియాలనుకుంటే కొలతలో మూడో వంతు మిగిల్చి దించే ముందు వేయడం నా పద్ధతి.

కురోజును ఇక్కడే చెప్పుకోవాలి. కగోషిమా రాష్ట్రంలో కిరిషిమా నగరానికి చెందిన ఫుకుయామలో, సకురాజిమా అగ్నిపర్వతం కనబడే వాలు నేలల్లో, వేల జాడీలు ఆరుబయట వరసలుగా నిలబడి ఉంటాయి. మన ఆవకాయ జాడీలను తలపించే ఆ మట్టి జాడీల్లో ఉడికిన బియ్యం, కోజి, నీళ్లు పోసి, పైన మరికొంత పొడి కోజి చల్లి మూతపెడతారు. చక్కెర, సారాయి, వెనిగర్ మూడు దశలూ ఆ ఒక్క జాడీలోనే జరుగుతాయి. ఈ పద్ధతిలో చేసిన కగోషిమా కురోజుకు జపాన్ ప్రభుత్వం 2015లో భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. తీపి పులుపు పంది మాంసం కూరకు, వేయించిన వంకాయ మీద చల్లడానికి ఇది గొప్పగా ఉంటుంది. సునోమోనోకు రంగూ బరువూ ఎక్కువ. ఆరోగ్యం కోసం దీన్ని తాగేవారు చాలామంది ఉన్నారు. తాగదలచినవారు బాగా నీళ్లు కలపాలి, నేరుగా తాగితే పళ్ల మీది పింగాణీ పొర దెబ్బతింటుంది. మందుగా నమ్మి ఎవరినీ కొనమని నేను చెప్పను, వంటకు మాత్రం కొనమని చెబుతాను.

పచ్చి చేప విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. మన కానాగంతల జాతికి చెందిన ‘సబా’ చేపను ఉప్పులో ఉంచి, వెనిగర్‌లో నానబెట్టి ‘షిమెసబా’ చేస్తారు. వెనిగర్‌లో నానితే చేప తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుంది కానీ, అందులో ఉండగల అనిసాకిస్ అనే పురుగు వెనిగర్‌కు చావదు. మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలకు తక్కువ కాకుండా గడ్డకట్టించిన చేపతోనే ఈ పని చేయాలి. ఎంత మంచి వెనిగర్ కొన్నా ఈ నియమం మారదు.

దొరకనప్పుడు ఏది, ఎంత

మన వంటింట్లో ఉండే తెల్ల వెనిగర్ ఎక్కువగా సింథటిక్ వెనిగర్, అంటే ఎసిటిక్ ఆమ్లాన్ని నీటిలో కలిపి చేసినది. ఆ సంగతి సీసా మీద రాసి ఉండాలన్నది మన దేశపు నియమం. దానిలో ఆమ్లం సుమారు 4 శాతమే, కోమెజుకంటే తక్కువ. అయినా నోటికి అదే ఎక్కువ గరుకుగా తగులుతుంది. అంకె తక్కువ కాబట్టి మెత్తగా ఉంటుందని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పులుపును మెత్తబరిచే అమైనో ఆమ్లాలు, మిగులు తీపి అందులో లేవు. తామర దుంప నానబెట్టడానికి, సు-అరాయికి దాన్ని నిస్సంకోచంగా వాడవచ్చు. సుషి అన్నానికి వద్దు.

పులియబెట్టి చేసిన యాపిల్ వెనిగర్ అంతకంటే మేలైన ప్రత్యామ్నాయం. దానిలో ఆమ్లం సాధారణంగా 5 శాతం కాబట్టి తొమ్మిది వంతులకు ఒక వంతు నీళ్లు కలిపితే 4.5 శాతానికి వస్తుంది. ముల్లంగి, అల్లం ఊరవేయడానికి అది చక్కగా పనికొస్తుంది, సుషి అన్నంలో మాత్రం పండు వాసన తెలుస్తుంది. దోసకాయ సునోమోనోకు నిమ్మరసం కూడా తగినదే; జపాన్‌లో యుజు, సుదాచి వంటి పుల్లని పండ్ల రసాన్ని ఇలా వాడటం మామూలే. చింతపండు దేనికీ వద్దు, దాని రంగూ గుజ్జూ ఈ వంటల తేటదనాన్ని కప్పేస్తాయి.

పొరుగు దేశాల బియ్యం వెనిగర్ల దగ్గర జాగ్రత్త పడాలి. చైనాలోని ఝెంజియాంగ్ నల్ల వెనిగర్ జిగురు బియ్యం నుంచి వచ్చినదే అయినా, దాని పొగ వాసన, మాల్ట్ రుచి కురోజుకు కూడా సరిగా బదులు కావు. కొరియా సీసాల్లో ఆమ్లం ఆరేడు శాతం ఉండటం మామూలు, ‘రెట్టింపు’ అని అమ్మే వాటిలో అంతకు రెండింతలు ఉంటుంది. 6 శాతం ఉన్నదానికి మూడు వంతులకు ఒక వంతు నీళ్లు కలిపి వాడుకోవచ్చు. ‘రైస్ వైన్ వెనిగర్’ అన్నా ‘రైస్ వెనిగర్’ అన్నా ఒకటే; ‘రైస్ వైన్’ అన్నది మాత్రం సారాయి, ‘మిరిన్’ తియ్యని వంట సారాయి. వీటిలో పులుపే ఉండదు. దుకాణాల్లో ఈ మూడూ ఒకే అరలో పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి, ఆమ్లం శాతం రాసి ఉందా లేదా అన్నది చూస్తే చాలు. శాతం ఉన్నదే వెనిగర్.

సీసా చిన్నదే కొనుక్కోవాలి. వారానికి రెండుసార్లు సునోమోనో చేసే ఇంటికి 500 మి.లీ. సరిపోతుంది, అప్పుడప్పుడూ చేసేవారికి అందులో సగం చాలు. మూత తీయనంతవరకు చల్లని చీకటి చోట ఉంటే చాలు. తీశాక, ముఖ్యంగా మన ఎండాకాలంలో, ఫ్రిజ్ తలుపులో పెట్టి ఐదారు నెలల్లో వాడేయాలి. ఆ తరువాత కూడా అది చెడిపోదు కానీ, డబ్బు పెట్టి కొన్న వాసన అప్పటికి పోతుంది. అలాంటి పాత సీసాను కోడి రెక్కల కూరకు కేటాయించి, పచ్చిగా వాడే వాటికి కొత్తది తీయాలి. కలిపి ఉంచుకున్న అమాజును గాజు సీసాలోనే నిలవ చేయాలి. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలను ఆమ్లం తినేస్తుంది. కలపడానికి పింగాణీ, వెచ్చబెట్టడానికి స్టీలు వాడుకోవాలి.